ఇంట్లోనే పేపర్ టార్గెట్ స్టాండ్

సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కి రోజూ వెళ్ళిరావడం అంటే మాటలా? మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కోసం వాళ్ళ నాన్నగారు ఇంట్లోనే పేపర్ టార్గెట్లు ఏర్పాటు చేశారు. 2018 జాతీయ పోటీల్లో, 13 ఏళ్ళకే, ఆ అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో స్వర్ణం గెలిచింది.

మనమూ ఒక స్టాండ్ చేసుకుందాం. రెండు నిలువు చెక్కలు, కింద ఊగకుండా వెడల్పాటి కాళ్ళు, మధ్యలో అట్ట, పేపర్ పట్టడానికి నాలుగు క్లిప్పులు. అంతే. కొలత మాత్రం తప్పకూడదు: టార్గెట్ నడిమధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. నేను మొదట్లో స్టూల్ మీద పెట్టి కొట్టేవాణ్ణి. చేయి దించే అలవాటు పడిపోయింది. రేంజ్‌కి వెళ్ళాక అది మానడానికి నెలలు పట్టింది. పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే కదండీ!

ఇంకో మాట. పెల్లెట్‌ని ఆపేది అట్ట కాదు. వెనకాల మందపాటి ఇనుప పలక, పైఅంచు మన వైపు వాలేలా పెట్టండి. పెల్లెట్ కిందున్న ఇసుక తొట్టిలో పడుతుంది. దాని వెనక గట్టి గోడ ఉండాలి, తలుపూ కిటికీ ఉండకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటే ఆ రోజుకి సాధన లేనట్టే. ఉంటానండీ.