వంటయింటి నూనెకు కొలత

గత సంవత్సరము మా తండ్రిగారికి గుండెనొప్పి వచ్చినది. ఆసుపత్రినుండి ఇంటికి పంపునాడు వైద్యులు మందుల చీటీ మా చేతికిచ్చి, "మీ ఇంట నెలకు నూనె ఎంత ఖర్చగును?" అని అడిగిరి. పిల్లలు చదువులకు పొరుగూళ్ళకు వెళ్ళగా ఇంటిలో మిగిలినది పెద్దవారము నలుగురము. బియ్యము నెలకు ఎంత కావలెనో మా అమ్మగారు చెప్పగలరు. పాలు దినమునకు ఎన్నియో అందరకును తెలియును. నూనె మాట వచ్చునప్పటికి ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. "అయిపోయినప్పుడు తెచ్చుకొనుచుందుము" అని మాత్రము చెప్పగలిగితిమి. వినుచున్నవారిలో పెక్కుమంది చెప్పగల జవాబు కూడ ఇదియే కావచ్చును. నేటి మా ప్రసంగమునకు ఆ జవాబే కారణము.

మా చిన్నతనమున నూనె సీసాలో వచ్చెడిది. సీసా పుచ్చుకొని కొట్టుకు వెళ్ళినచో కొట్టువారు కొలిచి, గరాటు పెట్టి పోసెడివారు. సీసా చిన్నది, నెలాఖరువరకు రావలెనన్న చింత వంట చేయువారి చేతిని కొంత పట్టి ఉంచెడిది. నేడు నూనె సంచులలోను, అయిదు లీటర్ల డబ్బాలలోను వచ్చుచున్నది. కొట్టువారు కొలుచుట మానిరి. మనము కొలుచుట మొదలుపెట్టలేదు. మూకుడుపై డబ్బా వంచుచున్నాము, చాలుననిపించినప్పుడు ఆపుచున్నాము.

వైద్యుల ప్రశ్నకు జవాబు తెలిసికొనవలెనని, క్రొత్త డబ్బా మూత తీసిననాడు దానిపై తేదీ వ్రాసితిమి. అయిదు లీటర్ల నూనె నలుగురకు 23 దినములలో అయిపోయినది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును. ఆ లెక్కను మనిషికి దినమునకు ఇంచుమించు 50 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో, దినమునకు 2000 కెలోరీల ఆహారము తీసికొనువారికి నూనె, నేయి వంటి కొవ్వులన్నియు కలిసి 27 గ్రాములు చాలునని ఉన్నది. అనగా చిన్న చెంచాతో ఆరు చెంచాలు. మేము దానికి రెట్టింపునకు చేరువలో ఉంటిమి. అన్నములోని నేయియు, ఆవకాయ జాడీలోని నూనెయు ఈ లెక్కలో చేరనే లేదు.

ఏ నూనె మంచిదన్న చర్చ ప్రతి ఇంటను వినబడుచుండును. వేరుసెనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు, తవుడు అని పేర్లు చెప్పుకొందురు. నూనెలలో భేదములు లేకపోలేదు. నేతిలోను, తాటిజాతి నూనెలలోను రక్తములోని చెడు కొలెస్టరాలును పెంచు కొవ్వులు ఎక్కువ. వనస్పతిలోను, ఇతర నూనెలలోను ఉండు హానికరమైన ట్రాన్సు కొవ్వులను 2022 జనవరినుండి నూటికి రెండు పాళ్ళకు మించనీయరాదని మన దేశమున నియమము కూడ వచ్చినది. కాని నూనె ఏదైనను గ్రామునకు తొమ్మిది కెలోరీలే. పంచదారకు, పిండి పదార్థములకు నాలుగే. కనుక నూనె పేరు మార్చి, డబ్బాను మునుపటివలెనే వంచుచున్నచో ఒరిగినది కొంచెమే.

ఈ లెక్క కాగితముపై వ్రాసి చూపినప్పుడు మా అమ్మగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇన్నేళ్ళుగా నేను మీ నాన్నగారికి పెట్టినది ఇదా?" అనిరి. ఆ మాటకు మా యొద్ద వెంటనే సమాధానము లేకపోయినది. మన ఇండ్లలో నూనెయు నేయియు ఆదరణకు గుర్తులు. చుట్టము వచ్చినప్పుడు కూరలో నూనె తేలకపోయినచో ఇల్లాలు చిన్నబోవును. చుక్కలు లెక్కపెట్టి నేయి వడ్డించు చేతికి పిసినారి చేయి అని పేరు. అట్టి ఇంట నూనె తగ్గింపుమన్నచో, ప్రేమ తగ్గింపుమన్నట్లే వినబడును. అంతేకాదు, ప్రతిపూట వేపుడు కావలెనని పట్టుపట్టినది ఆమె కాదు. కంచము ముందు కూర్చుండిన మేము. నేరమంతయు వంటచేసిన చేతిపై మోపుట న్యాయము కాదు. అందుచేత ఆనాడు మేము మొదట మానుకొనినది నూనెను కాదు, దినదినము వేపుడు అడుగుటను.

నూనె అసలే వలదనుట కూడ పొరపాటు. శరీరము తనంతట తాను తయారుచేసికొనలేని కొన్ని కొవ్వు ఆమ్లములు ఆహారమునుండియే రావలెను. ఎ, డి, ఇ, కె విటమినులు ఒంటబట్టుటకు కొంత కొవ్వు అవసరము. తోటకూరలో ఒక చెంచా నూనె వృథా కాదు. ఎదుగుచున్న పసిపిల్లల ఆహారములో ఈ పొదుపు చూపరాదు. కావలసినది కొలతయే కాని నిషేధము కాదు.

మరి రుచి మాట యేమి? మన వంటలలో నూనెయే ప్రాణముగా గలవి కొన్ని మాత్రమే. పప్పు, పులుసు, చారు, మజ్జిగపులుసు, రోటిపచ్చడి: వీనికి కావలసినది పోపు మాత్రమే. ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు వీని వాసనలు పెక్కు నీటికంటె నూనెలో సులభముగా కరగును. కనుకనే పోపుగరిటెలో కాచిన ఒక్క చెంచా నూనె గిన్నెడు పప్పునకు వాసన పట్టింపగలదు. మూడు చెంచాలు పోసినంత మాత్రమున వాసన మూడింతలు కాదు.

వేపుడు తినవలెనన్నప్పుడు దొండకాయ, చిక్కుడు, అరటికాయ, కంద వంటివానిని ముందుగా ఆవిరిపై ఉడికించి, తరువాత మందపు ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనెతో వేయింపవచ్చును. ముక్క ఉడుకుటకు వేడియు నీరును చాలును. అంచు ఎఱ్ఱబడుటకే నూనె కావలెను. ముక్క సన్నమైనకొలది అది పీల్చు నూనె ఎక్కువ. కనుక కొంచెము పెద్దవిగా తరుగుట మేలు. వంకాయ ఎంత పోసినను పీల్చుకొనును. దానిని నిప్పుపై కాల్చి పచ్చడి గాని, పచ్చిపులుసు గాని చేసినచో రుచికి లోపము రాదు. అరటికాయ ఆవపెట్టి వండినచో వేపుడును తలచుకొనువారుండరు. ఉదయము ఇడ్డెనలకును, ఆవిరికుడుములకును నూనెతో పని తక్కువ. దోసెలకు, సగము కోసిన ఉల్లిగడ్డను నూనెలో అద్ది పెనమును రుద్దినచో సరిపోవును. అప్పడములను కాల్చుకొనవచ్చును.

పండుగనాడు గారెలు, బూరెలు మానుమని మేము చెప్పము. అవి పండుగనాటివిగా ఉన్నంతకాలము చిక్కు లేదు. ప్రతి సాయంకాలమును పండుగ అయినప్పుడే చిక్కు. వేయించిన నూనెను మరల మరల కాచుట, అందులోనే క్రొత్తనూనె కలుపుట మంచిది కాదు. మిగిలినదానిని వడకట్టి, ఒకటి రెండు దినములలో కూరలకు వాడి ముగింపవలెను.

ఇక కొలుచుట యెట్లు? మా అమ్మగారే ఉపాయము చెప్పిరి. నలుగురకు, మనిషికి ఆరేసి చొప్పున, దినమునకు 24 చెంచాలు. అందులో నాలుగు చెంచాలు నేతికి విడిచి, తక్కిన 20 చెంచాల నూనెను ప్రొద్దుననే ఒక చిన్న గిన్నెలో పోసి, డబ్బాను అటకపై పెట్టుచున్నారు. ఆనాటి వంటలన్నియు ఆ గిన్నెలోనుండియే. గిన్నె అయిపోయినచో రాత్రికి చారును, కాల్చిన అప్పడమును. లెక్కప్రకారము అయిదు లీటర్లు 50 దినములు రావలెను. చుట్టములు వచ్చిపోవుటచే 46 దినములు వచ్చినవి.

మా తండ్రిగారు మొదటి వారము, "ఇది పథ్యపు కూడు" అని కంచము ప్రక్కకు నెట్టిరి. నెల గడచునప్పటికి, పెండ్లి భోజనమునుండి తిరిగివచ్చి, కూరలన్నియు నూనె ఓడుచున్నవని వారే విసుగుకొనిరి. నాలుకకు కూడ అలవాటు మారునని అప్పుడు తెలిసినది. వారి ఆరోగ్యమునకు మందులును, నడకయు, వైద్యుల పరీక్షలును తోడుగా ఉన్నవి. గిన్నె ఒక్కటియే కారణమని చెప్పము. కాని నాడు వైద్యులు అడిగిన ప్రశ్నకు నేడు మా ఇంట జవాబు ఉన్నది.

రేపు మీ ఇంట క్రొత్త నూనె డబ్బా మూత తీయునప్పుడు దానిపై తేదీ వ్రాసికొనుడు. అది అయిపోయిననాడు ఇంటివారందరు కూర్చుండి లెక్క చూచుకొనుడు. వండువారిని నిలదీయుటకు కాదు. తినువారు తమ కోరికలను కొలుచుకొనుటకు.