భయం ఎవరిని చూసి?



స్త్రీల సభలో భయానక చిత్రాల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. "ఒంటరిగా వెళ్ళకు" అన్న పాఠాన్ని ఆడపిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళతోపాటు సినిమాలు కూడా నేర్పుతున్నాయి. అందుకే ఈ మాటలు.

'అండ్ సూన్ ది డార్క్‌నెస్' 1970లో రాబర్ట్ ఫ్యూయెస్ట్ తీసిన బ్రిటిష్ చిత్రం. జేన్, కాథీ అనే ఇద్దరు ఇంగ్లీషు నర్సులు సెలవుల్లో ఫ్రాన్స్ పల్లెల గుండా సైకిళ్ళ మీద తిరుగుతుంటారు. మాటామాటా పెరిగి జేన్ ముందుకు వెళ్ళిపోతుంది. దారి పక్కనే ఆగిన కాథీ మాయమవుతుంది. ఇక అంతా వెతుకులాటే. దయ్యాలు లేవు, పాడుబడ్డ కోటలు లేవు. పట్టపగలు, ఎండ, పొలాల మధ్య తిన్నటి రోడ్డు. జేన్‌కు ఫ్రెంచి సరిగా రాదు. హెచ్చరించబోయినవాళ్ళ మాట ఆమెకు సగమే అందుతుంది. స్కూటరు మీద వెంటబడే పాల్‌ను ఆమె అనుమానిస్తుంది, మనమూ అనుమానిస్తాం. తాను డిటెక్టివ్‌నంటాడు, ఎవరు నమ్ముతారు? చివరికి ఆమె అతన్నుంచి పారిపోయి, ఆసరా దొరికిందనుకుని ఊరి పోలీసును పట్టుకుంటుంది. హంతకుడు అతనే.

యూనిఫారం మీద మనకున్న నమ్మకాన్నే ఈ చిత్రం ఆయుధంగా వాడుకుంది. అంతవరకు మెచ్చుకుంటాను. కాని దాన్ని ఒక మనిషి వికృతిగా సరిపెట్టేసింది. పైగా జేన్‌ను కాపాడేదీ మళ్ళీ ఒక మగవాడే! 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం మనలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అడ్డుపడిన భర్తను కొట్టి చంపారు. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది, కోర్టు వదిలేసింది. అటువంటి కేసులపై ఉద్యమాలు జరిగాకే 1983లో కస్టడీ అత్యాచారాల చట్టం మారింది. ఇది ఒక్కడి పిచ్చి ఎలా అవుతుంది? యువతులతో కలిసి ఈ సినిమా చూసేవాళ్ళు, కాథీ ఎందుకు ఆగిందన్న ప్రశ్నతో మాత్రం చర్చ మొదలుపెట్టకండి.

ఇదే కథను 2010లో మార్కోస్ ఎఫ్రాన్ మళ్ళీ తీశాడు. ఈసారి దేశం అర్జెంటీనా, అమ్మాయిలు అమెరికన్లు, ఎత్తుకుపోయేది అమ్మడానికి. అక్కడా పోలీసుకు వాటా ఉంది. సినిమాగా ఇది చాలా పేలవం. నా అభ్యంతరం మాత్రం వేరు. అర్జెంటీనాలో మాయమవుతున్న అర్జెంటీనా ఆడపిల్లల కథకు అమెరికన్ అమ్మాయి ముఖం కావలసి వచ్చింది.

2002లో టుకుమాన్ నగరంలో మరీటా వెరోన్ అనే 23 ఏళ్ళ యువతి కనిపించకుండా పోయింది. తల్లి సుసానా త్రిమార్కో కూతురిని వెతుక్కుంటూ, అమ్మాయిలను కొనే మనిషిగా వేషం వేసుకుని వ్యభిచార గృహాల్లోకి వెళ్ళింది. కూతురు దొరకలేదు, ఇతరుల కూతుళ్ళు దొరికారు. ఆమె పోరాటం 2008లో మనుషుల రవాణాను నేరంగా ప్రకటించే చట్టం రావడానికి తోడ్పడింది. అయినా 2012 డిసెంబరులో కోర్టు 13 మంది నిందితులనూ విడిచిపెట్టింది. జనం వీధుల్లోకి వచ్చారు. ఆ నెలలోనే పార్లమెంటు చట్టాన్ని సవరించి, బాధితురాలు ఒప్పుకుందన్న సాకును తీసేసింది. 2013లో పై కోర్టు ఆ తీర్పును తిరగదోడి 10 మందిని దోషులుగా తేల్చింది. మరుసటి ఏడు వారికి జైలుశిక్షలు పడ్డాయి.

మరీటా ఏమైందో వారిలో ఎవరూ చెప్పలేదు.