మందు డబ్బా బరువు తెలిసిన ప్రేక్షకులు

2022 జనవరిలో, వ్యాపారాలకు పెట్టుబడి అడిగే టీవీ షో ‘షార్క్ ట్యాంక్ ఇండియా’ మొదటి సీజన్‌కు మహారాష్ట్రలోని మాలేగావ్ దగ్గర నుంచి ఒక యువ రైతు వచ్చారు. నాన్న వీపున డబ్బా మోస్తూ పురుగుమందు కొట్టడం చూసి, ఆ పని చేసే తోపుడు బండిని తానే తయారుచేశారు. ఆ షోలోని పెట్టుబడిదారు పీయూష్ బన్సల్ 40 శాతం వాటాకు 10 లక్షలు, పైగా వడ్డీ లేని 20 లక్షల అప్పు ఇస్తానన్నారు. ఎందరో ప్రేక్షకులు చలించిపోయారు. అది జాలి అంటే నేనొప్పుకోను. గుంటూరు మిర్చి చేలల్లో, వరంగల్ పత్తి చేలల్లో 16 లీటర్ల డబ్బా మోసినవారికి ఆ బండి విలువ ఎవరూ వివరించక్కర్లేదు. వాటా ఎంతన్నది వ్యాపారుల లెక్క. ధరెంత, బురదలో నడుస్తుందా అన్నవే రైతు అడిగే ప్రశ్నలు.