రాణుల పేర్లు – కోశకర్తల ధర్మము



సూరతులో నివసించు తెలుగువారికి తపతీనది, పాతకోట చిరపరిచితములు. ఈ రేవు చరిత్రలో ఒక రాణి కలదు. ఆమెను ఏ పేరుతో వ్రాయవలెను?

1613వ సంవత్సరమున సూరతు సమీపమున 'రహీమీ' యను పెద్ద నౌకను పోర్చుగీసువారు పట్టుకొనిరి. హజ్ యాత్రికులను, సరకులను మోయు ఆ నౌక జహంగీరు తల్లిది. కోపించిన జహంగీరు దమనుపైకి దండును పంపెను.

ఆమె ఆంబేరు రాజగు భారమల్లుని కుమార్తె. 1562లో అక్బరును వివాహమాడెను. కథలును, చలనచిత్రములును ఆమెను జోధాబాయి యనుచున్నవి. కాని సమకాలిక మొగలు గ్రంథములలో ఆమెకు ఆ పేరు లేదు. అది జోధపురపు ఆడపడుచై, జహంగీరును పెండ్లాడి, షాజహానును కన్న జగత్ గోసాయినికి చెల్లును. కోడలి పేరు అత్తకు అంటుకొన్నదన్నమాట! జహంగీరు తన తల్లిని 'మరియం ఉజ్జమానీ' యనియే వ్రాసెను. అది బిరుదము. అక్బరు తల్లియగు హమీదాబాను బిరుదము 'మరియం మకానీ'. ఏమరినచో ఈ యిరువురును ఒక్కరే యగుదురు.

నూర్జహాను విషయము వేరు. పుట్టింటి పేరు మెహరున్నీసా, వివాహము 1611లో, నూర్జహాను బిరుదము 1616లో. సూరతు టంకశాల రూపాయలపైనను ఆ బిరుదమే కలదు. అట్టిచోట బిరుదమే పేరు. తిరుమలలో కృష్ణదేవరాయల ప్రక్కనున్న తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహములపై వారి పేర్లే చెక్కబడినవి; అచ్చట సందేహమే లేదు.

కావున కోశకర్త పాటింపవలసిన పద్ధతి యిది. శాసనములు, నాణెములు, సమకాలిక గ్రంథములు చెప్పు పేరు శీర్షికగా నుండవలెను. పుట్టింటి పేరు తెలిసినచో వెంటనే చేర్చవలెను. తండ్రి, భర్త, సంవత్సరములు తెలిపి ఒకే పేరు గలవారిని వేరుపరుపవలెను. లోకములో వ్యాపించిన తప్పుపేరును తుడిచివేయక, 'జోధాబాయి – మరియం ఉజ్జమానీ చూడుము' అని దారి చూపవలెను. లేనిచో వెదకు పాఠకుడు వట్టిచేతులతో మరలిపోవును. 'అక్బరు భార్య' యని మాత్రము వ్రాసి ఊరకుండరాదు.

సర్వీసు పుస్తకమున ఒక పేరు, పింఛను కాగితములలో వేరొక పేరు ఉన్నచో ఇల్లాలు పడు పాట్లు ఉద్యోగులెరుగనివి కావు. చక్రవర్తి తల్లికే ఈ గతి పట్టినపుడు సామాన్యుల మాట చెప్పనేల? ప్రతి యింటను అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు నేడే వ్రాసియుంచుకొనుట మేలు. చెప్పగలవారు ఉన్నప్పుడే అడుగవలెను.