కౌన్సిలు మీద అర్జీ

(మహాసభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో కూచిపూడి జరుగుతుంటే అది వదులుకుని ఇక్కడికి కౌన్సిలు గురించి వినడానికి వచ్చారంటే, మీ ఇంట్లోనూ ఏదో ఒక అర్జీ పెండింగులో ఉండి ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. వక్తని కాను, లాయర్ని అంతకంటే కాను. నాకు క్షుణ్ణంగా తెలిసిన కేసు ఒక్కటే. అది మాదే.

మా అబ్బాయికి నాలుగేళ్లు దాటినా మాటలు సరిగా రాలేదు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంరా, మీ బాబాయికి అయిదో ఏడు వచ్చేదాకా రాలేదు" అని ఇంటినుంచి ఫోన్లో ధైర్యం చెప్పేవారు. మేమూ నమ్మాం, నమ్మడం హాయిగా ఉంటుంది కాబట్టి. 2021లో రిసెప్షన్ క్లాసులో వేశాక టీచరు మమ్మల్ని కూర్చోబెట్టి, బాబుకి ఆటిజం ఉండొచ్చు, ఈహెచ్‌సీ ప్లాన్‌కి అప్లై చేయండి అంది. ఇల్లు చేరేదాకా కారులో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఈ ప్లాన్ అంటే బిడ్డకి చదువులో, ఆరోగ్యంలో, సంరక్షణలో ఏ సాయం కావాలో రాసిన పత్రం. 2014 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో అందులో రాసిన బోధన, సాయం అందేలా చూడడం కౌన్సిలు విధి. అడిగిన ఆరు వారాల్లో పరిశీలిస్తారో లేదో చెప్పాలి, ప్లాన్ ఇచ్చేటట్లయితే మామూలుగా 20 వారాల్లో చేతికి రావాలి. నవంబరులో అప్లై చేశాం. మాకు పట్టింది 56 వారాలు.

గడువు దాటాక కూడా మూడు నెలలు నేను నోరెత్తలేదు. నా వీసా కాగితాల మీద "పబ్లిక్ ఫండ్స్ వాడరాదు" అని ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీ ఇంకా ఏడాది దూరంలో ఉంది. కౌన్సిలు మీద ఫిర్యాదు చేస్తే ఎక్కడో నల్లచుక్క పడుతుందని ఒక మిత్రుడు పాట్‌లక్‌లో సాంబారు వడ్డించుకుంటూ చెప్పాడు. చెప్పినవాడు పీహెచ్‌డీ. నేను సరిచూసుకోలేదు. తరువాత తెలిసిందేమిటంటే ప్రభుత్వ బడిలో చదువు ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలోనే లేదు, ఫిర్యాదుకీ వీసాకీ సంబంధమే లేదు. ఇది మాత్రం దయచేసి నలుగురికీ చెప్పండి.

అసలు సంగతి వీసా ఒక్కటే కాదు లెండి. ఫిర్యాదు రాయాలంటే మా అబ్బాయికి ఫలానాది ఉంది అని మొదటి వాక్యంలోనే రాయాలి. ఆ వాక్యం రాయడానికే నాకు అన్నాళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ మేం సంఘం ఉగాదికి ఎందుకు రాలేదని అడిగినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. ఇదీ జవాబు.

కదిలించింది మా నాన్నగారు. ఆయన మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లు కౌంటరుకి అవతలివైపు కూర్చుని అర్జీలు తీసుకున్న మనిషి. నేను కౌన్సిలుకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో ఏకరువు పెడుతుంటే మధ్యలో ఆపి, "ఇన్‌వర్డ్ నంబరు ఉందా?" అన్నారు. లేదన్నాను. "అయితే నువ్వు అర్జీ ఇవ్వనట్టే. కాగితం మీద పెట్టు. తేదీ వెయ్యి. నకలు ఉంచుకో" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఆఫీసులో ఎవరైనా వివరాలు లేకుండా "పనిచేయడం లేదు" అని బగ్ రాస్తే చదవకుండా మూసేసేవాణ్ణి నేను. సొంత కొడుకు విషయంలో నేను చేసిన ఫిర్యాదు సరిగ్గా అలాంటిదే. ఆ రాత్రే స్ప్రెడ్‌షీటు తెరిచి ఏ తేదీన ఏ ఈమెయిలు, ఎవరు ఏమన్నారు, బాబుకి ఏమి అందలేదు అన్నీ వరసగా పెట్టాను.

కౌన్సిలులో రెండు మెట్లున్నాయి. మొదటి జవాబులో క్షమాపణ. రెండో జవాబులో ఎడ్యుకేషనల్ సైకాలజిస్టుల కొరత, మరో క్షమాపణ. కానీ ఆ రెండో ఉత్తరం చివర చిన్న పేరా ఉంది: తృప్తి లేకపోతే అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు అని. నేను దాదాపు చదవకుండానే వదిలేసిన పేరా అది.

అంబుడ్స్‌మన్ అనేది స్వీడిష్ మాట. ఇంగ్లండులో స్థానిక సంస్థల మీద ఫిర్యాదులు విచారించే వ్యవస్థ 1974 చట్టంతో వచ్చింది. 1988 దాకా మన ఫిర్యాదు కౌన్సిలరు ద్వారానే వెళ్లాలి, అంటే సిఫారసు లాంటిదే. ఇప్పుడు మనమే నేరుగా పంపవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మనకీ ఇది కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో 1983లో వచ్చిన లోకాయుక్త చట్టం ఈ కుటుంబంలోదే. లోక్‌పాల్ అనే మాటని 1963లో పుట్టించిన ఎల్.ఎం. సింఘ్వీ గారు తరువాత లండన్‌లోనే భారత హైకమిషనర్‌గా పనిచేశారు.

కౌన్సిల్ టాక్సు, చెత్తబండి, ప్లానింగ్, వృద్ధుల సంరక్షణ, ఇవన్నీ వీళ్ల పరిధిలోవే. 1970లలో డాక్టర్లుగా వచ్చిన పెద్దలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: సొంత డబ్బుతో ప్రైవేటు కేర్ హోమ్‌లో ఉన్నా 2010 నుంచి దాని మీద కూడా వీళ్లకే ఫిర్యాదు చేయవచ్చు. 2017లో సంస్థ పేరులో సోషల్ కేర్ చేరింది. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లకి వేరే సంస్థలున్నాయి. ముందు కౌన్సిలుకి ఫిర్యాదు చేసి ఉండాలి, సంగతి తెలిసిన 12 నెలల్లోపు రావాలి, ఇవే ముఖ్యమైన షరతులు.

వీళ్లు చేయనివీ ఉన్నాయి. పక్కింటివాళ్ల ఎక్స్‌టెన్షన్‌కి పర్మిషన్ ఎందుకిచ్చారని అడిగితే ఆ పర్మిషన్ రద్దు చేయరు. పద్ధతి ప్రకారం ఇచ్చారా లేదా అన్నదే చూస్తారు. బడి లోపల జరిగేది చూడరు. ప్లాన్‌లో రాసింది నచ్చకపోతే దానికి ట్రిబ్యునల్ ఉంది. పైగా వీళ్ల సిఫారసులు కోర్టు తీర్పులు కావు. అయినా నూటికి తొంభైతొమ్మిదికి పైగా కౌన్సిళ్లు పాటిస్తున్నాయని వాళ్ల లెక్కలే చెబుతాయి. పాటించకపోతే రిపోర్టు బయటపెడతారు, ఆ సంగతి కౌన్సిలు సొంత ఖర్చుతో పత్రికలో ప్రకటించుకోవాలి. పరువు అనేది ఆఫీసులకి కూడా ఉంటుంది.

మా కేసులో విచారణాధికారి కౌన్సిలు రికార్డులన్నీ తెప్పించారు. తుది నిర్ణయానికి ముందు చిత్తుప్రతి ఇద్దరికీ పంపారు. అందులో ఒక తేదీ తప్పుంటే నేను చెప్పాను, దిద్దారు. నాన్నగారికి అన్నిటికంటే నచ్చింది ఆ దిద్దడమే. 2023 వేసవిలో నిర్ణయం వచ్చింది. సైకాలజిస్టుల కొరత నిజమే, కానీ గడువు చట్టంలో ఉన్నది, కొరత ఉన్నంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు అన్నారు. క్షమాపణ, ఆలస్యానికి నెలకింతని కొంత సొమ్ము, ఇలాగే ఆగిపోయిన మిగతా పిల్లల సంగతి చూడమని కౌన్సిలుకి ఆదేశంలాంటి సూచన. నిర్ణయాన్ని ప్రచురించారు. అందులో కౌన్సిలు పేరుంది, మా పేరు లేదు. నేను మిస్టర్ ఎక్స్‌ని. ఇదే ముందే తెలిసుంటే, ఆ మొదటి వాక్యం రాయడానికి అన్ని నెలలు భయపడేవాణ్ణి కాదు.

మా ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "వాడి ఏడాది తిరిగి ఇస్తారా?" అంది. ఇవ్వరు. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్లాన్ వచ్చాక స్పీచ్ థెరపీ మొదలైంది. వాడికిప్పుడు మాటలున్నాయి, మా ఇద్దరికీ కలిపి ఉన్నంతే. పక్క హాల్లో వినిపిస్తున్న కేకల్లో ఒకటి వాడిదే కావచ్చు.

నాన్నగారికి ఫోన్ చేసి గెలిచామన్నాను. "జవాబు కాగితం మీద ఇచ్చారా?" అన్నారు. ఇచ్చారన్నాను. "నకలు నాకొకటి పంపు" అన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎడమవైపు ఆఖరి టేబుల్ దగ్గర నా ఫైలుతో ఉంటాను. మీ కేసు చెప్పాలనుకునేవాళ్లు తేదీలు రాసుకుని రండి.