పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డకు నీడ యేది?

(సూరత్‌లో మన సంఘము జరిపిన ఉగాది సభయందలి ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిన్న నోటితో ఆసుపత్రి మాట యెత్తుచున్నందుకు మన్నింపుడు. చేదును గూడ పండుగనాడే రుచి చూడవలెనని మన పెద్దలు నియమించినారు గదా! ఆ ధైర్యముతోనే మాటలాడుచున్నాను.

మేము అద్దెకున్న యింటి క్రిందిగదిలో సిరిసిల్ల ప్రాంతమునుండి వచ్చిన నేతపని కుర్రవాడొక డుండెడివాడు. వయస్సు ఇరువది. మా పెద్దవానికిని ఇరువదియే. గత వర్షాకాలములో అతనికి టైఫాయిడు వచ్చి, పది దినములు ఒక ప్రయివేటు ఆసుపత్రిలో పడియుండెను. బిల్లు కట్టుటకు యజమానియొద్ద అడ్వాన్సు తీసికొనెను. చాలక తోటివారియొద్ద అప్పు చేసెను. లేచి నిలువగలిగిన పిదప నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి యింటికి పోయెను. అచ్చట తల్లి పెట్టెలో అతని పేరుతోనే ఆయుష్మాన్ కార్డు ఉన్నదట! అది సూరత్‌లో గూడ చెల్లునని అతనికి చెప్పినవారు లేరు. చెప్పదగినవాడను నేను. ప్రతిదినము మెట్లయొద్ద పలుకరించుచునే యుంటిని; ఆ ఒక్కమాట మాత్రము అడుగనైతిని.

మన సంగతి చూడుడు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1944 నాటి వైద్య నియమములు కలవు. 1954లో ఢిల్లీలో ఆరంభమైన సి.జి.హెచ్.ఎస్. కలదు. వీనిక్రింద మన కుమారునికి 25 ఏండ్లు నిండువరకో, సంపాదన ఆరంభించువరకో, వివాహమగువరకో, ఏది ముందైన నంతవరకు వైద్యము లభించును. కుమార్తెకు వయఃపరిమితి లేదు. ఉద్యోగమో వివాహమో వచ్చువరకు ఆమె మన కార్డుమీదనే యుండును.

కార్మికునికి గూడ ఇట్టి నీడ కల్పింపవలెనను తలంపు క్రొత్తది కాదు. జర్మనీ దేశము 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమా నేర్పరచినది. మన దేశములో ఆచార్య బి.పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారముగా 1948లో ఇ.ఎస్.ఐ. చట్టము వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారు ఆ పథకమును ప్రారంభించిరి. నేడది సామాజిక భద్రతా స్మృతిలో చేరిపోయినది. పదిమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలలో, నెలకు 21,000 రూపాయలకు మించని వేతనము గలవా రందఱును దీనిలోనికి వత్తురు. కార్మికుడు వేతనములో నూటికి ముప్పాతిక రూపాయి, యజమాని మూడుంబాతిక చెల్లింపవలెను. అనగా 12,000 రూపాయల జీతగానికి కోత తొంబది రూపాయలు; యజమాని కట్టునది 390. ఆ తొంబది రూపాయలకు తనకును, తన కుటుంబమునకును వైద్యము; జబ్బుపడి పని మానిన దినములకు, నియమిత కాలము చందా కట్టియున్నచో, వేతనములో నూటికి డెబ్బది; యంత్రములో చేయి నలిగి పనికి రాలేనిచో నూటికి తొంబది లభించును.

మరి యింత యేర్పాటు ఉండగా మన కుర్రవాడు బయట నేల మిగిలెను? కరీంనగర్, వరంగల్, నల్లగొండ సీమలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో ఎన్నో కలవు. మరమగ్గములయొద్ద పండ్రెండు గంటల పాళీ. మీటరున కింతయని కూలి. నియామక పత్రము లేదు, జీతపు చీటీ లేదు. అనేక షెడ్లలో లెక్కకు పదిమంది కనబడరు. కాగితముమీద లేనివానికి బీమా ఎట్లు వచ్చును?

పోనీ, తండ్రికి ఇ.ఎస్.ఐ. ఉన్నదనుకొందము. కొడుకు చదువుచున్నచో 21 ఏండ్లవరకు ఆ నీడ నిలుచును. చదువు మాని మగ్గ మెక్కినచో 18తోనే తొలగును. మన పిల్లవానికి 25, మిల్లు కార్మికుని పిల్లవానికి 21, బడి మానినవానికి 18! ఇల్లు ఎంత పేదదైన నీడ అంత త్వరగా తొలగుచున్నది. అమెరికాలో 2010 నాటి చట్టము, తల్లిదండ్రుల బీమా కుటుంబమునకు వర్తించునదైనచో, సంతానమునకు 26 ఏండ్లు నిండువరకు అందులో నుండు హక్కు నిచ్చినది. చదువునకును స్థిరమైన పనికిని నడుమనున్న ఈ వయస్సులోనే మనుష్యుడు దిక్కులేనివా డగునని అచ్చటివారును గ్రహించిరి.

ఈ లోటును కొంత పూడ్చినది 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్. కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స. వయస్సునకు గాని, కుటుంబములోని తలల లెక్కకు గాని పరిమితి లేదు. తెలంగాణ రాష్ట్రము 2021లో దీనిలో చేరినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ మహోపకారమే చేసినది గాని, దానిని నమ్ముకొన్నవాడు సూరత్‌లో జబ్బుపడినచో రైలెక్కి స్వస్థలమునకు పోవలసినదే. ఆయుష్మాన్ కార్డు అట్లు కాదు; పథకములో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రములో నున్నను చెల్లును. అయితే బయటి రోగిగా చూపించుకొను ఖర్చు దానిలోనికి రాదు. పేర్ల జాబితాకు 2011 నాటి గణన ఆధారము గావున, అందులో చేరని కుటుంబములును పెక్కు కలవు.

ఇది ఇతరుల కష్టమని మనము ఊరకుండరాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముతో ఈ నగరము సగము ఖాళీ యైనది. కూలివారి వాడలలో పుట్టిన రోగము మేడలవారిని గూడ రైలెక్కించినది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు నగరమును శుభ్రపరచుట ఆ వాడలనుండియే ఆరంభింపవలసివచ్చెను.

మనమేమి చేయగలము? చట్టమును మార్చుట మన చేతిలో లేదు; ధర్మాసుపత్రి కట్టు ధనమును లేదు. మనకు నేతపని రాదు. వచ్చిన విద్య ఫారము నింపుట. దానినే వినియోగింతము. నెలకొక ఆదివారము ఇద్దరు సభ్యులము లింబాయత్‌లో ఒక బల్ల వేసికొని కూర్చుందము. ప్రతి కుర్రవానిని మూడు ప్రశ్నలడుగుదము: నీ పేర ఆయుష్మాన్ కార్డున్నదా? నీ షెడ్డులో ఎందఱు పనిచేయుదురు? నీకు ఇ.ఎస్.ఐ. సంఖ్య ఇచ్చిరా? కార్డు ఊరిలో నున్నచో నకలు తెప్పింతము. లేనిచో అర్హత చూతము. పదిమంది యున్నచోట అర్జీ వ్రాసి పెట్టుదము.

మన యిండ్లలో గూడ 25కు దగ్గరైన కుమారుడున్నచో, ఆ జన్మదినమునకు ముందే అతని పేర చిన్న పాలసీ యొకటి తీసికొనుడు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జి.ఎస్.టి. లేదు.

క్రిందిగది కుర్రవాడు అప్పు తీర్చుటకై మరల సూరత్‌కు వచ్చినాడు. ఈసారి కార్డు వెంట తెచ్చుకొన్నాడు. మొదటి ఆదివారము బల్లయొద్ద నాతో కూర్చుండుటకు ఒప్పుకొన్నాడు. రెండవ కుర్చీ ఖాళీగా నున్నది. ఎవరు వత్తురో ఈ సభ ముగియులోపల పేరు చెప్పుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.