సముద్రమునకు తూనికరాళ్ళు
(కారిమంగళమున మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కారిమంగళమున నిలిచి సముద్రమును గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. ముందు మన బావులలో నీరుండనిమ్మను సణుగుడు అప్పుడే వినవచ్చుచున్నది! నేను చెప్పబోవునది సముద్రమును గూర్చి కాదు, దానిని కొలుచు పరికరములను గూర్చి. కొలత నాకు తెలిసిన విద్య. ఇరువది ఏండ్లుగా త్రాసు ముందర కూర్చున్నవాడను.

1952లో లఫాండ్ అను అమెరికా శాస్త్రవేత్త వాల్తేరునకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మన విద్యార్థులకు సముద్రశాస్త్రము నేర్పెను. ఆ కాలపు పరికరములలో బాతిథర్మోగ్రాఫ్ ముఖ్యమైనది. నడుచుచున్న ఓడనుండి తీగతో దింపెడి లోహపు గొట్టమది. లోపల పూత పూసిన చిన్న గాజుపలక, దానిపై ఒక ముల్లు. లోతు పెరిగి ఒత్తిడి హెచ్చినకొలది పలక జరుగును. నీటి వేడిమి మారినకొలది ముల్లు కదలును. ఏ లోతున ఎంత వేడిమియో పలకమీది గీతయే చెప్పును. విద్యుత్తుతో పని లేదు.

చిక్కంతయు నమ్మకములో నున్నది. ప్రతి పది మీటర్లకు మఱియొక వాతావరణమంత ఒత్తిడి చేరును. ఉప్పునీరు లోహమును తినును, గుల్లలు అంటుకొనును. నా కొట్టులో ముల్లు తప్పినచో రాయి వేసి సరిచూతును. సముద్రపు అడుగునకు పోయి సరిచూచువారెవరు? కావున దింపుటకు పూర్వమును, తీసిన పిమ్మటను ప్రయోగశాలలో పోల్చి చూడవలెను. తన తప్పెంతయో తెలిసిన పరికరమే నమ్మదగినది. వర్తక మిత్రులు గమనింతురు గాక!

2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రమున సునామీని ముందుగా తెలుపు ఏర్పాటు లేకుండెను. నాగపట్టణమున వేలమంది పోయిరి. అటుపిమ్మట 2007లో హైదరాబాదున హెచ్చరిక కేంద్రము వెలసెను. సముద్రపు అడుగున ఒత్తిడి కొలుచు పరికరము, పైన తేలు బోయా. రేడియో తరంగములు ఉప్పునీటిలో దూరము పోజాలవు గనుక అడుగునుండి ధ్వనిరూపమున వార్త పైకి వచ్చును; అచ్చటినుండి ఉపగ్రహము ద్వారా తీరమునకు. ఆ బోయాలకు పడవలు కట్టుటయు, భాగములు ఊడదీయుటయు జరిగినవి. పరికరము రూపొందించువారు అలలతోబాటు మనుష్యులను గూడ లెక్కింపవలసి వచ్చినది!

మన వీథి బాలిక యొకతె పన్నెండవ తరగతి ముగించి, ఈ పరికరముల యింజనీరింగు చదువగోరుచున్నది. ఆడుపిల్లకు ఓడలతో పనియేమని క్రిందటి సమావేశమున ఆక్షేపించినవాడను నేనే. ఆ మాటను ఉపసంహరించుకొనుచున్నాను. ఇట్టి పరికరములను రూపొందించు జాతీయ సంస్థ 1993లో ఏర్పడినది, మన చెన్నపట్టణపు పళ్ళికరణైలోనే కలదు.

విద్యానిధి తీర్మానము వచ్చు ఆదివారము సభ ముందుకు రానున్నది. నా వంతు సొమ్ము కోశాధికారిగారికి నేటి ఉదయమే ముట్టజెప్పితిని.